ఖాజా అన్న కత్తిరించిన ముక్క

మనవరాలు గోళ్లరంగు తుడిచే సీసా మూత తీసింది. ఆ ఘాటు తగలగానే నేను ఆదోనిలో మా సినిమాహాలు మెట్ల మీద ఉన్నాను. తెగిన ఫిలిం అతికించే మందుది అచ్చం అదే వాసన. అతికించేది ఆపరేటర్ ఖాజా అన్న. నేను ఆడవాళ్ల గేటు దగ్గర టికెట్లు చించేదాన్ని. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడింది. కుంటుతూ పనిలో చేరిన నన్ను మొదట "సెల్లీ" అని పిలిచింది ఆయనే.

కొత్త సినిమా పెట్టెలు రాని వారమల్లా మా హాల్లో ఒకటే ఆట, హాలు యజమాని సేటు కొనిపెట్టుకున్న పాత నవ్వుల సినిమా. ఒకే సత్రంలో రెండు పెళ్లిళ్లు, ఇక జారిపడటాలు, తన్నులాటలు. చదువు రాకపోయినా అందులో ప్రతి మాటా నాకు నోటికి వచ్చు. హాలు మూతపడ్డాక రీళ్లు అన్న ఇంటికి చేరాయి. ఇంకెక్కడా ఆ సినిమా మిగల్లేదని తెలిసి, ఎమ్మిగనూరులో వీడియోపని చేసే మేరీ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడానికి పూనుకుంది. మొదటిసారి చేసి చూపిస్తే అన్న తల అడ్డంగా ఊపాడు.

"గిన్నెలు ఎగిరేకాడ బొమ్మ ముద్దయిపోతాందమ్మా. పడేవాని మొగం కనపడకుంటే నవ్వు యాడనుంచి వస్తాది?"

"బాగా రావాలంటే ఫైలు శానా పెద్దదైతాది తాతా."

"కానీలే. ఏనుగును పట్టాలంటే ఎలకబోను సాలదు గదా."

మేరీ నవ్వి, మళ్లీ మొదటినుంచి చేసింది. చివరి రీలు దగ్గర అన్న బీరువాలోంచి ఒక రేకు డబ్బా తెచ్చాడు. లోపల చుట్టిన ఫిలిం ముక్క.

"ఇదీ దాంట్లోదే. నువ్వు పనిలో చేరిన దినం కత్తిరించినా," అన్నాడు నన్ను చూడకుండా. "ఒక కుంటి ముసలామె ఎనకాల ఆ నవ్వించేవాడు ఆమె మాదిరే కుంటుతా నడుస్తాడు. హాలంతా నవ్వుతాంటే నువ్వు గేటుకాడ నిలబడి వినాల. నాకు మనసొప్పలేదు సెల్లీ. ఇప్పుడు కలపాల్నా వద్దా, నువ్వే సెప్పు."

ఇరవై ఏళ్లు నేను చూసింది కోత పడిన సినిమా.

మేరీ మెల్లగా అంది. "ఈ ముక్క ఇంకెవరి దగ్గరా లేదత్తా. మీరు వద్దంటే వదిలేస్తా."

"కలుపమ్మా," అన్నాను.

అంతా అయ్యాక ముగ్గురం కూర్చుని చూశాం. కత్తిరించాక ఆ ముక్క మళ్లీ మిషన్లో తిరగలేదు కదా, గీతలు దాదాపు లేవు. సినిమా మొత్తంలో అంత తేటగా ఉన్న బొమ్మ అదొక్కటే. వాడు కుంటుతున్నాడు. నేను కాలు కుర్చీ కిందికి లాక్కున్నాను. ముసలామె వెనక్కి తిరగకుండానే కర్ర అడ్డం పెట్టింది. వాడు పోయి సాంబారు గుండిగలో పడ్డాడు. ఫక్కున నవ్వింది నేనే. అన్న బిత్తరపోయి నన్నే చూస్తున్నాడు.

"అనవసరంగా కోసినానేమో సెల్లీ."

"లేదన్నా. అప్పుడైతే ఆమె కర్ర దాకా చూసేదాన్నే కాదు. మధ్యలోనే వెళ్లిపోయేదాన్ని."

ఆయన ఇప్పుడు లేడు. సినిమా ఉంది, మొత్తంగా. ఎవరి గురించైనా "వాడు నాకు తెలియనివాడా" అని నోటిదాకా వచ్చినప్పుడల్లా ఆగిపోతాను. పక్కనే నిలబడి టీ తాగిన మనిషి నాకోసం ఏం చేశాడో నాకు అన్నేళ్లూ తెలియలేదు.