బోనమెత్తని ఆదివారం

తార్నాకలో బస్సు దిగి యూనివర్సిటీ వైపు నడిచే గ్రేస్ సంచీలో రక్తపోటు చూసే మిషనుతో పాటు పాత క్యాలెండర్లుంటాయి. నెలలు నిండకుండా పుట్టే బిడ్డల మీద మూడు దేశాలవాళ్లు కలిసి చేస్తున్న పరిశోధన కోసం ఆమె ఇల్లిల్లూ తిరిగి గర్భిణుల వివరాలు రాసుకొస్తుంది. ఆఖరి నెలసరి తేదీ చాలామందికి గుర్తుండదు; ఏ పండుగ దగ్గరో మాత్రం చెబుతారు. అందుకే, ఆదివారం చర్చి తప్పని గ్రేస్ ఊళ్లో పండుగలన్నీ కంఠస్థం చేసింది.

మార్చి మొదట్లో వారాసిగూడ కరుణకు నొప్పులొచ్చాయి. తొమ్మిది నెలలూ నిండాయనే అనుకున్నారంతా. ఆసుపత్రిలో గ్రేస్ ఆమె మంచం పక్కన కూర్చుని, "పోయిన ఆషాఢంలో లష్కర్ బోనాలకి బోనం ఎత్తావా తల్లీ?" అని అడిగింది.

"యాడెత్తిన అక్కా! గా ఆదివారం పొద్దుగాలనే ముట్టయిన. మా చెల్లె ఎత్తింది. గదే ఆఖరు, మళ్ల రాలే."

క్యాలెండర్ మీద గ్రేస్ వేలు ఆ ఆదివారం నుంచి వారం వారం దిగుతూ ముప్పై మూడో వారం దగ్గర ఆగింది. "నెలలు నిండడానికి ఇంకా ఏడు వారాలుంది డాక్టరమ్మా!"

డాక్టరమ్మ నొప్పులు తగ్గే మందు పెట్టి, బిడ్డ ఊపిరితిత్తులకు బలమిచ్చే ఇంజెక్షన్ చేసింది. మూడో రోజు పుట్టిన పాప దోసిట్లో ఇమిడిపోయేంతే ఉంది. కానీ వార్డంతా తిరిగి చూసేలా ఏడ్చింది.

నెల తర్వాత క్యాంపస్ మీటింగులో మూడు దేశాల బిడ్డలు తెర మీద వేల చుక్కలై మెరిశారు. కరుణ బిడ్డ చుక్కను చూపి, నెలసరి తేదీ అంత కచ్చితంగా ఎలా తెలిసిందని అడిగిన విదేశీ శాస్త్రవేత్తలు, బోనం సంగతి విని తమ పుస్తకాల్లో రాసుకున్నారు. గ్రేస్ లేచి వెళ్లి, నిద్రపోయే పసిదాన్ని తాకినట్టు ఆ చుక్కను తాకి, మీటింగు నడిపే ప్రొఫెసర్ వైపు తిరిగింది.

"దీని ఏడుపు కూడా వాళ్లకి వినిపించండి సార్," అంది.