పురుగుల గదిలో కాలిన నేల

దయ్యాలను నేను నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. అయినా ఆ మధ్యాహ్నం నా చేతికి తగిలినదాన్ని ఎవరు అబద్ధమన్నా ఒప్పుకోను.

మాది పెనుకొండ దగ్గర పల్లె. పట్టుపురుగులు మేపి, గూళ్లు హిందూపురం మార్కెట్టుకు వేస్తాం. నా భార్య రత్నమ్మ మా కొడుకును చంపిందని కింది కోర్టు యావజ్జీవం వేసింది. బిడ్డ పురుగుల గదిలో ఊపిరాడక పోయాడు. తలుపుకు బయట గడియ పెట్టింది ఆమే.

పురుగులు మేపే ఇంట్లో ఎవరైనా గడియ పెడతారు. పురుగుల మీద గుడ్లు పెట్టే ఊజీ ఈగ దూరితే పంటంతా పోతుంది. చలికి వణుకుతున్న బిడ్డను ఆ వెచ్చటి గదిలో పడుకోబెట్టి, ఆమె మల్బరీ ఆకు కోయడానికి పోయింది. చలికి పురుగులు మేత మానేస్తాయని బొగ్గుల కుంపటి పెట్టి, కిటికీలకు గోనెపట్టలు కట్టింది నేను. బొగ్గుల పొగకు పోయిన బిడ్డను చూశాక కుంపటి బయట పారేశాను. కోర్టులో రత్నమ్మ కుంపటి ఉందంది. నేను లేదన్నాను. మా అమ్మ అట్లే చెప్పమంది కానీ, నోరు నాది.

హైకోర్టులో అప్పీలు వేసిన లాయరమ్మ గది చూడాలని రత్నమ్మ తమ్ముడు, నా బావమరిదితో వచ్చింది. బిడ్డ పోయినప్పటి నుంచీ ఆ గదికి తాళమే. కరెంటు కూడా పీకేశాం. అలవాటుగా అందరం చెప్పులు బయటే విడిచాం.

నడిమిలో ఒకచోట లాయరమ్మ కాలు వెనక్కి తీసుకుంది.

"ఈడ కాల్తాండాదే! పొయ్యేమన్నా పెట్టినారా?"

"యాడి పొయ్యమ్మా! పిల్లి గూడా దూరని గది," అంది మా అమ్మ.

నేను అరచెయ్యి పెట్టి చూశాను. చాటంత మేర కాలుతోంది. చుట్టూ చల్లటి బండ. ఎండ పడే సందు లేదు. కుంపటి పెట్టిన చోటు సరిగ్గా అదే.

"ఏం బావా, ఇప్పుడన్నా నోరు తెరుస్తావా, దానికీ మీయమ్మనడగల్లా?" అన్నాడు బావమరిది.

అంతా చెప్పేశాను. అమ్మ నా చొక్కా పట్టుకుంది.

"రేయ్, నువ్వూ జైలుకు పోతావురా!"

"పోనీమ్మా. ఆయమ్మి ఒక్కతే ఎందుకుండల్ల ఆడ?"

నేల సంగతి కాగితాల్లో రాయనంది లాయరమ్మ. అక్కర్లేదు. నా మాట రాసింది, సంతకం పెట్టాను. అబద్ధపు సాక్ష్యానికి శిక్ష వేస్తే వేయనీ, ఊరు ఉమ్మితే ఉమ్మనీ, అప్పీలు వినేదాకా నేను ఊరుకోను.

నేల కాలలేదనే అంటోంది అమ్మ ఇప్పుడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చెయ్యి పెట్టినా చల్లగానే ఉంది.

జైల్లో రత్నమ్మకు ఇదంతా చెప్పాను.

"నేను ఏడ్చి చెప్తే రాని నోరు, బండ కాల్తే వచ్చిందా నీకి?"

అవునన్నాను. ఆ బండ ఎందుకు కాలిందో మాత్రం ఇప్పటికీ తెలియదు.