పత్తిచేలో మాలి పాట

డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క, అమ్మతోనూ పెద్దమ్మతోనూ కలిసి పత్తి తీతకు వెళ్లాను. పర్చూరు వైపు నల్లరేగడి చేలు. అప్పటికే నాకు పాటల పిచ్చి పట్టింది. చర్చి పాట కోసం ఫోన్లో వెతుకుతుంటే ఒకసారి దానంతట అదే జమైకా వాళ్ల రెగే పాట ఒకటి మోగింది. బేస్ గిటారు అంత నింపాదిగా నడవగలదని, తాళం దెబ్బ మనం అనుకున్న చోట కాకుండా పక్కన పడి కూడా గుండెను పట్టుకుంటుందని అంతవరకు తెలియదు. దాని వెంట పడి సెనెగల్, కేప్ వెర్డీ, మాలి దేశాల పాటల దాకా వెళ్లాను. మాలిలోనూ పత్తి పండుతుందని చదివి, అక్కడి ఆడవాళ్ల పాట ఒకటి చేలో పెట్టాను.

"ఏం భాషే అది?" అంది పెద్దమ్మ.

"తెలీదు పెద్దమ్మా. ఆఫ్రికా వాళ్లది."

"ఒకామె అడుగుతుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. మనం నాట్లలో పాడినట్టే ఉందే! మళ్లీ పెట్టు."

కాసేపటికి ఆ వంతపాటకు తన సొంత మాటలు కట్టి పాడేసింది. సాలంతా నవ్వులు. చేతులు మాత్రం ఆగలేదు.

చేను కామందు గట్టు మీదికి వచ్చాడు. "ఏందే ఆ గోల? పత్తి తీయడానికొచ్చారా, చిందులెయ్యడానికా?"

"పని ఆగలేదు కదండీ," అన్నాను.

"అర్థంకాని పాటలు మీకెందుకే? ఆ నల్లోళ్ల అరుపులు నా చేలో వినపడకూడదు!"

ఫోను లాక్కుని పక్క కాలవలోకి విసిరేశాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు రాస్తున్నా మండుతోంది. అతని కారులో ఇంగ్లీషు పాటలు వీధి అదిరేలా మోగుతాయి. అర్థం తెలుసా అని ఎవరూ అడగరు. అతను వింటే అభిరుచి, మేం వింటే గోల. 'నల్లోళ్లు' అన్నప్పుడు అతని చూపు మా అమ్మ నల్లటి చేతుల మీద ఉంది. అది నేను చూశాను.

పెద్దమ్మ ఒడి విప్పి పత్తి కుమ్మరించి, గట్టెక్కి కూర్చుంది. ఒక్కొక్కరే వెళ్లి పక్కన కూర్చున్నారు.

"ఫోను తీసి పిల్లకియ్యండి. అప్పుడే లేస్తాం," అంది పెద్దమ్మ.

అతను అరిచాడు, తిట్టాడు, ఇంకో ముఠా కోసం ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఎవరూ దొరకలేదు. సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. చివరికి ప్యాంటు మడిచి కాలవలో దిగాడు. ఫోను తీసి గట్టు మీద పడేశాడు.

"చేతికియ్యండి," అంది పెద్దమ్మ.

ఇచ్చాడు. తప్పయిందన్న మాట మాత్రం రాలేదు. ఫోను మళ్లీ వెలగనే లేదు.

"వాన పడితే పత్తి పాడైపోద్ది, లెగండి," అంది అమ్మ. ఆ మాటకు అమ్మ మీద కూడా కోపమొచ్చింది. పళ్లు బిగించి పత్తి తీశాను.

మరుసటి తీతకు అతను మనిషిని పంపాడు. "రామని చెప్పు," అంది పెద్దమ్మ. ఎందుకని అడిగితే, "ఎందుకో ఆయనకి తెలుసు," అంది.

తెలుసని నేననుకోను. ఆ పిల్లకు చదువెక్కువై పొగరెక్కిందని ఊళ్లో చెప్పుకు తిరుగుతున్నాడట.