జర సాఫ్ చెయ్యి బిడ్డా

బాన్సువాడ బస్టాండు దగ్గర చందర్‌కు ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. ఎవరైనా పాత ఫోన్ తెస్తే ముందు ఒకటే అడుగుతాడు: “ఇందుల ఎవలి గొంతన్న ఉన్నదా?” కొత్తవాళ్లు నవ్వుతారు. పక్క దుకాణంలో బట్టలు కుట్టుకునే నాకు మాత్రం నవ్వు రాదు.

చందర్‌కు పాత ఫోన్లంటే పిచ్చి. టార్చి, రేడియో, కెమెరా అన్నీ ఒక్క గుప్పెట్లో ఇమిడిన వస్తువును, కంపెనీ పట్టించుకోవడం మానేసిందని చెత్తలో పారేస్తారా అని వాడికి కోపం. అందుకే వాటిలో ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తాడు. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే ఇచ్చిన సరుకది. ఎక్కించే ముందు ఫోన్‌లో ఉన్నదంతా తుడిచెయ్యాలి. ఆ తుడవడాన్నే దుకాణంలో ‘సాఫ్’ అంటారు. తంటా అంతా ఆ మాటతోనే వచ్చింది.

పోయిన వరికోతలప్పుడు కోటగిరి నుంచి సాయవ్వ వచ్చింది. ఆమె భర్త ముత్యం ట్రాక్టర్ నడిపేవాడు, అంతకు ముందేడు చనిపోయాడు. అతను చేసిన కాల్ ఒకటి ఆమె ఫోన్‌లో రికార్డయి ఉంది. చందర్‌కు పెట్టి వినిపించింది. స్పీకర్ రంధ్రాల నిండా వడ్ల దుమ్ము.

“గరగరంటున్నది, సరిగ ఇనవడ్తలేదు. జర సాఫ్ చెయ్యి బిడ్డా” అని ఫోన్ ఇచ్చి బజారుకు పోయింది.

బ్రష్షుతో దులిపితే అయిపోయేది. కానీ ఆ మోడల్ చూడగానే మావాడికి చేతులు దురదపెట్టాయి. కొత్త సిస్టమ్ దానికి బాగా నప్పుతుందట. సాఫ్ అన్నది కదా అని, ఆ ఊపులో కాల్ సంగతే మరిచి మొత్తం సాఫ్ చేసేశాడు. దుమ్ము కూడా దులిపాడు. సాయవ్వ తిరిగొచ్చేసరికి స్పీకర్ ఖంగుమంటోంది. వినడానికే ఏమీ లేదు.

“యాడనో ఉంటది అవ్వా, వెతికి పెడ్త” అన్నాడు. పచ్చి అబద్ధం. తర్వాత బాన్సువాడ వచ్చినప్పుడల్లా ఆమె అడిగేది, వీడు వెతుకుతున్నట్టు నటించేవాడు. ఆమె వెళ్లాక తెప్పించుకున్న చాయ్ కూడా ముట్టేవాడు కాదు.

“తిట్టినా బాగుండు అన్నా, నాకు దండం పెడ్తున్నది” అని ఒకరోజు నా దగ్గర ఏడ్చాడు.

“తిట్టాలంటే ఆమెకు తెల్వాలె గదరా” అన్నాను. కటువుగానే అన్నాను.

మళ్లీ వచ్చినప్పుడు చెప్పేశాడు. “పోయింది అవ్వా. ఇగ రాదు. నేనే తుడిచేసిన.”

సాయవ్వ ఫోన్ పక్కన పెట్టింది.

“నువ్వు ఇన్నవు గదా. ఏమన్నడు?”

“కాలువ కాడికి వచ్చిన, బువ్వ పెట్టు అన్నడు.”

“నడుమ దగ్గిండు గదా?”

“యాదికి లేదవ్వా.” వాడు తల ఎత్తలేకపోయాడు.

ఆమె గొంతు సవరించుకుని దగ్గి చూపించింది. మగమనిషి దగ్గు.

“గిట్ల. యాదికి పెట్టుకో బిడ్డా. రేపు నేను మర్చిపోతే నువ్వే చెప్పాలె.”