రాజధానికి పంపిన చెంబెడు నీళ్లు

అప్పుడు నేను నల్లమాడ దగ్గర ఒక పల్లెలో పంచాయతీ కార్యదర్శిని. కృష్ణ ఒడ్డున కొత్త రాజధానికి శంకుస్థాపన జరుగుతోందనీ, ప్రతి ఊరి నుంచి పిడికెడు మన్ను, చెంబెడు నీళ్లు పంపాలనీ పైనుంచి ఆదేశం వచ్చింది. మన్నుకు మాకు కొదవ లేదు. నీళ్ల మాటే చెప్పుకోలేం. బోర్లన్నీ ఎండిపోయి ఊరంతా ట్యాంకరు మీదే బతుకుతోంది. ఆ వారం ట్యాంకరు కూడా చెడిపోయింది.

రచ్చకట్ట దగ్గర విషయం చెబితే జనం నవ్వారు. "తాగేదానికే లేవు సారూ, రాజధానికి యాడినుంచి తెచ్చేది?" అని ఒకామె మొహం మీదే అడిగింది. నాకు కోపం వచ్చింది, అదేదో ఆమె తప్పయినట్టు.

మరునాడు పొద్దున్నే ఒక ముసలాయన ఇత్తడి చెంబుతో ఆఫీసుకు వచ్చాడు. ఊరంతా ఆయన్ని తాత అనే పిలిచేది. మూడెకరాల చేనికి నాలుగు బోర్లు వేయించి నాలుగూ పోగొట్టుకున్న సాయిబు. చెంబు మూతికి ఎర్రగుడ్డ కట్టుంది. చేని మన్ను ఇంకో మూటలో ఉంది.

"బిస్మిల్లా అని పోసినా సారూ. ఇంట్లో ఉన్నెవి ఇవే" అన్నాడు.

"మరి మీకు?" అన్నాను.

"మాపటికి ట్యాంకరు రాదా ఏంది!" అని కూర్చున్నాడు. కూర్చున్నాక మాటలు మొదలుపెట్టాడు. "కర్నూలు రాజధాని అయినప్పుడు మా నాయన పోయి చూసొచ్చినాడు. గుడారాల్లో కచేరీలంట. మూడేండ్లకే మూటకట్టుకోని హైదరాబాదుకు పోయినారు. ఆ ఊరు పెరిగేకాలంలో నేనూ పదేండ్లు ఆడ కంకర మోసినా. పెద్ద పెద్ద మేడలు లేసినాయి. ఇప్పుడేమో అది మనది కాదంట. వడ్డించేవాడు మనోడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు గదా. మనకు కడబంతి తప్పింది ఎప్పుడు, వడ్డించేవాడు మనోడయింది ఎప్పుడు? ఈ తూరి నీళ్లు మనవి పోతాండాయి. మన నీళ్లు తాగిన ఊరు మనల్ని మరిచిపోదప్పా. కాలువ ఈడికి తెస్తాది."

నేను తలూపాను. లోపల మాత్రం నవ్వుకున్నాను. చదువుకున్నవాణ్ని కదా.

కదిరిలో అన్ని ఊళ్ల మన్నూ నీళ్లూ లారీ ఎక్కించాలి. బండి మీద బయలుదేరాను. సగం దారిలో చైను తెగింది. చుట్టూ కంది చేలు, ఎండిపోయిన వేరుశనగ, నీడకు కంపచెట్టు తప్ప ఏమీ లేదు. నా నీళ్ల సీసా ఆఫీసు బల్ల మీద మరిచిపోయాను. రెండు మైళ్లు బండి తోసేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. చెంబు వైపు చూశాను. ఒక్క గుక్క, అంతే, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. గుడ్డ విప్పాను. గుక్కతో ఆగలేదు. చెంబు అడుగు కనబడేదాకా తాగాను. ఆ నీళ్లు ఎంత తియ్యగా ఉన్నాయో ఈరోజుకీ చెప్పగలను.

తర్వాత రోడ్డు పక్క హోటల్లో, చేతులు కడుక్కునే డ్రమ్ములోంచి చెంబు నింపి గుడ్డ కట్టేశాను. కదిరిలో డప్పులు, పసుపు, పూలు. మన్ను మూట తీసుకుని, నీళ్లు వాళ్ల బిందెలో పోసుకుని, దానికి మా ఊరి పేరు రాసిన కాగితం అతికించి, చెంబు తిరిగి ఇచ్చారు. ఫొటోలో నేను ముందు వరసలోనే ఉన్నాను.

సాయంత్రం వాళ్లింటికి పోయి ఖాళీ చెంబు తాత చేతిలో పెట్టి, "చేరినాయి తాతా" అన్నాను. ఆయన చెంబును కళ్లకద్దుకున్నాడు. ఆ రోజూ ట్యాంకరు రాలేదు. ఆయన కోడలు నావైపు చూడకుండా లోపలికి పోయింది.

ఏడాది తిరక్కుండానే నేను పట్టుబట్టి కదిరికి బదిలీ చేయించుకున్నాను. కారణం పిల్లల చదువని అందరికీ చెప్పాను. అసలు కారణం ఇంట్లో కుళాయి. ఆ తర్వాతి ఏళ్లలో రాజధాని ఎన్ని వేషాలు వేసిందో! ఒకసారి మొదలైంది, ప్రభుత్వం మారి ఆగిపోయింది, ఒకటి కాదు మూడు అన్నారు, మళ్లీ ఒకటే అన్నారు. కదిరి సంతలో ఎప్పుడు కనబడినా తాత అదే అడిగేవాడు. "సారూ, మన నీళ్లు పోసిన చోటు అట్లనే ఉండాదా?" ఉందనే చెప్పేవాణ్ని. తర్వాత్తర్వాత ఆయన కనబడితే సందు మార్చి పోవడం నేర్చుకున్నాను. తప్పు చేసినవాడికి ఊళ్లో సందులన్నీ బాగా తెలుస్తాయి.

ఈ ఎండాకాలం ఆయన మంచాన పడ్డాడని తెలిసింది. సిగ్గు విడిచి వెళ్లాను. టీవీలో రాజధాని క్రేన్లు తిరుగుతున్నాయి. కాలువ మాత్రం ఊరికి రాలేదు. ఆయన చూపు బాగా తగ్గిపోయింది, నా గొంతు పట్టి గుర్తుపట్టాడు.

"మల్లా కడతాండారంట గదా సారూ. మన నీళ్లు ఊరికే పోలేదు."

ఇక ఆపుకోలేకపోయాను. "తాతా, ఆ నీళ్లు రాజధానికి పోలేదు. దారిలో నేను తాగేసినాను. అక్కడ పోసింది హోటలు డ్రమ్ము నీళ్లు."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"దప్పికయింటే తాగినావు. దాంట్లో తప్పేముండాది?" అన్నాడు. "అయితే కాలువ తేలేదని ఇన్నేండ్లు నేను ఉత్తపుణ్యానికి రాజధానిని తిట్టుకుంటి. మా నీళ్లు తాగింది నువ్వా? మరి నువ్వేం చేసినావప్పా మాకు?"

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. పదవీ విరమణకు రెండేళ్లున్న ఉద్యోగిని, మనసులో అన్నీ వెతుక్కున్నాను. ఆ ఊరికని చేసిన పని ఒక్కటి దొరకలేదు.

ఆయనే నా ఇబ్బంది కనిపెట్టినట్టు లోపలికి కేకేశాడు. "సారు ఎండన పడి వచ్చినాడు. నీళ్లియ్యండమ్మా."

కోడలు చెంబు తెచ్చి ఇచ్చింది. తాగాను.