తడవని చొక్కా

ఒక సినిమా ముగింపుకు నేను చెప్పిన తప్పుడు అర్థం ఏళ్ల తరబడి నా గుండెల మీద కూర్చుని ఉంది. నవ్వొస్తే నవ్వండి. సినిమాకు అర్థం చెప్పడంలో పాపమేముంది అని నన్ను నేను చాలాకాలం మభ్యపెట్టుకున్నాను. పాపమే. తెలిసే చేశాను.

ముందు నా కోపం చెప్పనివ్వండి. విరుదునగర్‌లో మేం కొందరం అప్పుడప్పుడూ కూడి సినిమాల గురించి మాట్లాడుకుంటాం. మొన్న ఒకాయన కాఫీ తాగుతూ, ఆ సినిమా ముగింపు కలా నిజమా అన్నది ప్రేక్షకుడికే వదిలేశారు, అదే అందం అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరికి వదిలేశారయ్యా? తీసినవాడు గోడ మీద పిల్లిలా కూర్చుంటాడు. మనం చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతాం. దాన్ని నమ్మి తన బతుకు తేల్చుకునే మనిషి కూడా ఆ హాల్లో ఉండొచ్చని ఎవరికైనా తోస్తుందా? ఈ మాట పైకి అనలేదు. అనే అర్హత నాకెక్కడిది?

మాది తమిళనాడులోనే, నాగలాపురం పక్కన ఒక పల్లె. నల్లరేగడి చేలు, ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. అమ్మ నా చిన్నప్పుడే పోతే అక్క నన్ను పెంచింది. అక్క మొగుడు, మా బావ, అగ్గిపెట్టెల లోడుతో ఉత్తరాదికి లారీ తోలుకుపోయి తిరిగి రాలేదు. లారీ రోడ్డు పక్కన దొరికింది. మనిషి దొరకలేదు. వెతికి వెతికి అందరూ వదిలేశారు. అక్క మా ఇంట్లోనే ఉండిపోయింది. కొన్నేళ్లకు సాత్తూరులో మా దూరపు బంధువు ఒకాయన, భార్య పోయినవాడు, అక్కను చేసుకుంటానని కబురు పెట్టాడు. మంచి మనిషి. నాన్న కూడా ఒప్పుకున్నాడు. అక్క మాత్రం అవునని గానీ కాదని గానీ అనలేదు.

అప్పుడు నేను విరుదునగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. సెలవుకు ఇంటికి వస్తే, కోవిల్‌పట్టిలో సినిమాకు పోదామని అక్కే అడిగింది. అందులో ఒకామె సముద్రం మీద పోయి మాయమైన మొగుడి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. చివర్న, జోరువానలో తలుపు తీస్తే అతను నిలబడి ఉంటాడు. అంతే, సినిమా అయిపోతుంది. నేను ఆ సినిమా అంతకుముందే చూశాను. అంత వానలోనూ అతని చొక్కా తడవలేదు కాబట్టి అది ఆమె కలేనని, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు కాలేజీలో వాదించి అందరినీ ఒప్పించాను.

బస్టాండులో మా ఊరి బస్సు కోసం నిలబడి ఉండగా అక్క అడిగింది.

"సినిమా కడాసీలో వచ్చింది నిజంగా ఆమె మొగుడేనా మే? లేకుంటే కల కనిందా?"

"ఏమిటికక్కా?"

"మనసులో పువ్వు కట్టి ఉండాను. ఆ పడంలో మొగుడు నిజంగా వచ్చుంటే నేనూ కాచుకుని ఉంటాను. కలైతే సాత్తూరాయనకి సరే అని చెప్పేస్తాను. నాకు చూస్తే తెలియలే. నువ్వు చదివినదానివి, పెండ్లి కానిదానివి. నువ్వే తీసి చెప్పు."

మా వైపు ఏదైనా పెద్ద విషయం తేలకపోతే ఎర్రపువ్వు ఒక పొట్లంలో, తెల్లపువ్వు ఒక పొట్లంలో కట్టి దేవుడి ముందు పెడతారు. పెళ్లికాని ఆడపిల్ల చేత ఒకటి తీయిస్తారు. తెల్లది వస్తే సరే, ఎర్రది వస్తే వద్దు. ఆ తర్వాత ఇంక మాట ఉండదు. తీసే పిల్లకు లోపలున్నది తెలియదు కాబట్టే దానికి విలువ. నాకు మాత్రం ఏ పొట్లంలో ఏముందో తెలుసు. అయినా ఆ క్షణంలో నాకు అక్క గుర్తుకు రాలేదు. అక్క సాత్తూరు వెళ్లిపోతే నాన్నకు వండిపెట్టేదెవరు, మేకల్ని చూసేదెవరు? నేనే. హాస్టలు ఖాళీ చేసి, చదువు మానుకుని, నేనే.

"నిజమేనక్కా. వచ్చినాడు."

అక్క బస్సు వచ్చే వైపు చూసింది. తర్వాత, "అంత వానలో సొక్కా తడవలేదే మే?" అంది.

చూశారా? ఎవరూ చెప్పకుండానే తనకు కనపడింది. అక్కడైనా నేను ఆగి ఉండాల్సింది.

"అది తీసినవాళ్ల తప్పక్కా. షూటింగులో ఇట్లాంటివి అయిపోతాయి."

తడవని చొక్కా, కాలేజీలో నేను చప్పట్లు కొట్టించుకున్న వాదనే. అక్క నోట రాగానే దాన్ని నేనే కొట్టిపారేశాను. అక్క తల ఊపింది. ఆ ముఖంలో సంతోషం ఉందా? లేదు. కల అని చెప్తే బాగుండునని అనుకుందేమో, ఆ తడవని చొక్కా గురించి అందుకే అడిగిందేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నేను ఆ ముఖం గురించి ఆలోచించనే లేదు.

సాత్తూరాయన వేరే చోట పెళ్లి చేసుకున్నాడు. నాన్న పోయాడు. నాకు చదువు, ఉద్యోగం, మొగుడు, పిల్లలు అన్నీ అమిరాయి. అక్క ఇంకా కాచుకుని ఉంది. కంచే చేను మేసిందంటారే, ఆ కంచె నేనే.

పోయిన నెల ఊరికి వెళ్తే ఆ సినిమా టీవీలో వచ్చింది. చివర్న పక్కింటామె అరవంలో, ఇదంతా ఆమె కలే కదా అంది. అక్క ఒప్పుకోలేదు. నిజంగానే వచ్చాడని మా చెల్లెలు అప్పుడే చెప్పిందంటూ వాదించింది. నా వైపు తిరిగి, "చెప్పు మే" అంది. నేను మళ్లీ అవునన్నాను. జుట్టు నెరిసిన మనిషి ముందు, ఇంక నాకు పోయేదేమీ లేని రోజున, మళ్లీ! మొదటిసారి భయం అనుకోండి. ఈసారి ఏమనుకోను? చెల్లెలు తప్పు చెప్పదన్న ఆ నమ్మకం కూడా పోతే నన్నెట్లా చూస్తుందోనని. అంతే. నా మీద నాకే అసహ్యం వేసింది.

తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక నేర్చుకున్నాను. అక్కకు అరవం చదవడం వచ్చు. తెలుగు మాట్లాడుతుందే గానీ చదవలేదు. ఇది తెలుగులో రాయడానికి కారణం అదే. పిరికితనమే, కాదనను. మీరు నన్ను క్షమించకండి, అది మీ చేతిలో ఉన్న పని కాదు. వినండి, చాలు. రాస్తుంటేనే ఊపిరి కాస్త ఆడుతోంది.

అది కల, అక్కా. అతను రాలేదు. నాకు అప్పుడే తెలుసు.