దున్నని మడికి ఒక్క సాలు

బెంగళూరు అంచున కాడుగోడి స్టేషనుకు అవతల, మా అపార్టుమెంటు వెనక గోడకి ఆనుకుని అర ఎకరం వరి మడి మిగిలి ఉంది. దాన్ని చేసేది మునివెంకటమ్మ. మాలూరు పక్కనుంచి పదహారేళ్లకు ఈ ఊరి కోడలిగా వచ్చింది, ఇప్పుడు అరవై దాటింది. భర్త పోయాక కూడా ఆ మడిని వదల్లేదు. బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన నాకు రోజూ చూడ్డానికి దొరికింది అదే. ఎవరైనా వంగి పని చేస్తుంటే దగ్గరికెళ్లి ఎందుకు, ఎలా అని అడక్కపోతే నాకు అన్నం సహించదండీ!

డిసెంబరులో కోత అయింది. మర్నాడే ఆమె వరి మోళ్ల మధ్య కర్రతో బొక్కలు చేసి, రెండేసి అలసంద గింజలు వేసి, మడమతో మట్టి నొక్కుకుంటూ పోతోంది. నాగలి లేదు, ట్రాక్టరు లేదు! చెప్పులేసుకుని పరుగెత్తాను.

"దున్నకుండానే విత్తేస్తున్నావేందమ్మా?"

"ట్రాక్టరు రావాలంటే మీ గోడ మీంద ఎగిరి రావల్ల అయ్యోరా! ఇంగ దావ యాడుండాది?"

నేను నాలిక కరుచుకున్నాను. ఆమె నవ్వి, మడి మూలన ఉన్న కరెంటు స్తంభం చూపించింది. ట్రాక్టరు వచ్చే రోజుల్లో కూడా ఆ స్తంభం చుట్టూ నాగలి తిరిగేది కాదట. మూడేళ్లు గమనించిందట, కలుపు అక్కడే తక్కువ.

"కలుపు ఇత్తనాలు మంటిలో నిద్ర పోతా ఉంటాయి. దున్నితే మనమే లేపి కూకోబెట్టినట్టు."

"తుంగ కూడా రాదా?"

"అది వస్తాది. దాని గడ్డ కింద్నే ఉండాదే! దాన్ని చేత్తో పీకల్ల. అన్నిటికీ ఒగే మందా అయ్యోరా?"

విత్తడం అయ్యాక వరిగడ్డి పల్చగా పరిచింది. తడి ఆరదు, గడ్డి కింద కలుపుకి వెలుతురు తగలదు. నాకైతే పరీక్ష పేపరు దిద్దుతున్నంత ఉత్సాహం! కానీ ఆమెకిది సరదా కాదు. పొలం ఉమ్మడిది, బావగారు వెంకటేశప్పది పెద్దరికం. ఆయన గట్టు మీద నిలబడి తేల్చేశాడు.

"చూడు మునెమ్మా, శివరాత్రికి ఈ మడి పచ్చగా ఉండల్ల. లేదంటే ఆ పక్క పెండ్లి చౌల్ట్రీ వాళ్లకి ఇచ్చేస్తా, వాళ్ల గోడ పడగొట్టుకొని కార్లు నిలుపుకుంటారు. బీడు పెట్టుకొని ఏం చేస్తాము?"

పది రోజులకి గడ్డి సందుల్లోంచి జంట ఆకులు పైకొచ్చాయి. ఆ పొద్దున్నే నా బాల్కనీలోంచి చూస్తే ఏముంది, మడి నిండా ఆవులు! పాల సొన్నప్ప తోలాడు. నేను కిందికి దిగేసరికి మునివెంకటమ్మ కట్టె పట్టుకుని అరుస్తోంది.

"కండ్లు కనపడవేమిరా నీకి? పైరుండాది గదరా!"

సొన్నప్ప బిత్తరపోయాడు. "పైరా? నాగటి సాలు యాడుండాది అక్కా? కోతైనంక మళ్లీ సాలు పడేవరకు మడి ఊరి పసరాలది. మీ మామ పెట్టిన కట్టుబాటే గదా!"

ఆమె కట్టె దించేసింది. ఆవులున్నన్నాళ్లూ ఆమె కూడా అలా పరాయి మళ్లలోకి వాటిని తోలిన మనిషే మరి. తడి, గడ్డి, గింజ, కలుపు అన్నీ ఆలోచించింది గానీ, దున్నని మడి పక్కవాడి కంటికి ఎలా కనపడుతుందో ఆలోచించలేదు. మూడో వంతు మొలకలు పోయాయి.

వెంకటేశప్ప వచ్చి మీసం దువ్వాడు. "నాగలి మొగం చూడని మడి పసరాల పాలే. చెప్తే ఇంటివా?"

ఆమె సొన్నప్ప వైపు తిరిగింది. "ఒక్క సాలు పడితే మడి మూసినట్టే గదా?"

"ఎన్ని సాళ్లని ఎవురూ చెప్పలేదు అక్కా."

అంతే! అటక మీది కొయ్య నాగలి దిగింది. ఎద్దులు లేవు. సొన్నప్ప ఆవులు పాలిచ్చేవి, కాడి ఎరగవు. చివరికి సొన్నప్పా నేనూ తాడు భుజానేసుకున్నాం, మునివెంకటమ్మ మేడి పట్టింది.

"అయ్యోరా, ఈ ఎద్దు కుడికి పోతా ఉండాదే!" అని సొన్నప్ప ఒకటే నవ్వు. గట్టు వెంబడి చుట్టూ ఒక్క సాలు తీసేసరికి నా నడుము పట్టేసింది. ఆమె మాత్రం ఆ సాయంత్రమే పోయిన చోట మళ్లీ గింజలు గుచ్చింది. ఆవులు సాలు దాకా వచ్చి, సొన్నప్ప అదిలింపుకి వెనక్కి తిరిగేవి.

శివరాత్రికి నాలుగు రోజుల ముందు వెంకటేశప్ప వచ్చాడు. మడి పచ్చగా ఉంది, అలసంద పూత మీదుంది. అయితే ఆయన చూపు పైరు మీద లేదు, అంచు మీద ఉంది. నాగలి తగిలిన ఆ ఒక్క సాలు పొడుగునా ఊద, గలిజేరు లాంటి కలుపు మొక్కలు దట్టంగా లేచాయి. లోపల అక్కడక్కడ తుంగ తప్ప ఏమీ లేదు.

ఆయన పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చున్నాడు. ఒక చేత్తో సాలులో కలుపు పీకాడు, ఇంకో చేత్తో లోపలి గడ్డి ఎత్తి చూశాడు. మళ్లీ దించాడు. మళ్లీ ఎత్తాడు.

"మునెమ్మా, ఇదేమి ఇట్లుండాది?"

"మేము దున్నింది ఆడొగటే గదా బావా."

ఆయన లేచి మట్టి దులుపుకుని, "చౌల్ట్రీ వాళ్లని ఏరే తావు చూసుకొమ్మని చెప్తాలే," అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "వచ్చే ఏడు నేను చేసే ఆ పై మడిలో కూడా ఇట్లే ఏస్తే ఏమైతాది?"

"ఏసి చూస్తే గదా తెలిసేది," అంది మునివెంకటమ్మ, తుంగ పీకడానికి వంగుతూ.